రాయి దాచిన వాన

దక్షిణ అండమాన్‌లో ఒక ఊరి చివర, పోక తోటలు అయిపోయి అడవి మొదలయ్యే చోట, కొండ వాలులో నల్లటి రాయి ఒకటి నిలువునా పగిలి ఉంది. ఆ పగులులోకి ఎవరో అంగుళం గొట్టం దోపి, చుట్టూ బంకమట్టి మెత్తారు. గొట్టం చివర బొటనవేలంత ధార. ధార కింద నాచు పట్టిన బండ, బండ మీద స్టీలు బిందె, బిందె వెనక రెండు ప్లాస్టిక్ డబ్బాలు, వాటి వెనక వరస కోసం వదిలిన ఒక చెప్పుల జత. జనవరి నెల. ఈశాన్య రుతుపవనాలు వెళ్లిపోయి మూడు వారాలైంది.

బిందె పట్టుకుంటున్నావిడది సోంపేట వైపు. పెళ్లయి ఈ దీవికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. పది గజాల దిగువన నాలా గలగల పారుతూనే ఉంది. అండమాన్‌లో వాగుని నాలా అంటారు, ఏ భాష వాళ్లయినా సరే. అక్కడ ముంచుకుంటే నిమిషంలో పనైపోయేది కదా అన్నాను.

"నాలా నీళ్లు తాగం బాబూ. అవి గిన్నెలకీ బట్టలకీ. తాగడానికి ఊట నీళ్లే" అంది.

ధార బాగుంది కదా అన్నాను.

"ఇప్పుడు చూసి ఏటి లాభం? ఏప్రిల్లో రండి."

ఆవిడ చెప్పినవి రెండే ముక్కలు. పక్కపక్కనే ఉన్న నాలా నీరూ ఊట నీరూ ఎందుకు ఒకటి కావు? జనవరిలో నిండుగా కనిపించే ఊట ఏప్రిల్‌కి ఏమవుతుంది? భూగర్భ జలశాస్త్రంలో ఊటల గురించి రాసిందంతా ఇంచుమించు ఈ రెండు ప్రశ్నల చుట్టూనే తిరుగుతుంది. అయితే ముందు ఇంకో ప్రశ్న ఉంది. ఇంత వాన కురిసే దీవుల్లో మంచినీళ్లకు వరస కట్టడం ఏమిటి?

అండమాన్ నికోబార్ దీవుల్లో ఏడాదికి సగటున 3,000 మిల్లీమీటర్ల వాన పడుతుంది. విశాఖపట్నంలో పడేదానికి దాదాపు మూడింతలు. అనంతపురం వాళ్లకైతే చెప్పడానికే మొహమాటం, అయిదింతల పైమాట. మే నుంచి సెప్టెంబర్ దాకా నైరుతి, ఆ తర్వాత డిసెంబర్ దాకా ఈశాన్యం, రెండు రుతుపవనాలూ ఇక్కడ కురిసే పోతాయి. అయినా జనవరి నుంచి ఏప్రిల్ దాకా పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024లో శ్రీ విజయపురంగా పేరు మారిన ఊళ్లో, కుళాయి నీళ్లు రోజూ రావు. రోజు విడిచి రోజు, ఎండ ముదిరితే మూడు నాలుగు రోజులకోసారి. ప్రతి ఇంటి మీదా నల్లటి ట్యాంకు, ప్రతి వసారాలో నీలం డ్రమ్ము. జంగ్లీఘాట్‌లో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన మత్స్యకారుల ఇళ్ల మధ్య నడిచినా అదే దృశ్యం. 2011 లెక్కల్లో ఈ దీవుల జనాభాలో నూటికి 13 మంది మాతృభాష తెలుగు. కాబట్టి ఈ డ్రమ్ముల్లో మనవాళ్లవీ తక్కువేం కాదు.

ఈ బాధ కొత్తది కూడా కాదు. 1858 మార్చిలో బ్రిటిష్ వాళ్లు సిపాయీల తిరుగుబాటు ఖైదీలను ఓడలో తెచ్చి మొదట దింపింది చాతమ్ దీవిలో. అక్కడ నీళ్లు చాలక రాస్ దీవికి మకాం మార్చారు. రాస్‌లోనూ వాననీళ్లే దిక్కు. చివరికి సముద్రపు నీటిని మరగబెట్టి ఆవిరి పట్టే యంత్రాలు పెట్టుకున్నారు. ఆ బాయిలర్ శిథిలాలు ఇప్పటికీ ఉన్నాయి, వాటి పక్కన నిలబడి పర్యాటకులు ఫోటోలు దిగుతుంటారు. మూడు మీటర్ల వాన పడే చోట సముద్రాన్ని మరిగించారంటే వింతే. కానీ లోటు ఆకాశంలో లేదు, నేలలో ఉంది.

వాన ఎంత పడిందన్నది ఒక లెక్క, పడ్డదాన్ని నేల ఎంతకాలం పట్టి ఉంచుతుందన్నది వేరే లెక్క. గోదావరి పుట్టిన చోట పడ్డ చినుకు సముద్రం చేరడానికి దాదాపు 1,465 కిలోమీటర్లు పోవాలి. దారిలో ఇసుక మేటలు తాగుతాయి, చెరువులు ఆపుతాయి, బావుల్లోకి ఇంకుతుంది. అండమాన్ దీవుల వెడల్పు ఎక్కువలో ఎక్కువ 52 కిలోమీటర్లు. చాలాచోట్ల అందులో సగం కూడా ఉండదు. మధ్యలో వెన్నెముకలా కొండల వరస, రెండు పక్కలా నిటారు వాలు. అతి ఎత్తైన శాడిల్ పీక్ 732 మీటర్లు. కొండ నెత్తిన పడ్డ చినుకు కొన్ని గంటల్లో మడ అడవుల్లోకి, అక్కణ్ణుంచి ఉప్పు నీటిలోకి. పొద్దున పడిన వాన సాయంత్రానికి సముద్రమే. దాన్ని ఆపేందుకే 1973లో ధనీఖారీ నాలా మీద డ్యామ్ కట్టారు. పోర్ట్ బ్లెయిర్‌కి నేటికీ అదే ప్రధాన ఆధారం.

ఇక రాళ్ల సంగతి. పోర్ట్ బ్లెయిర్ దగ్గరి కార్బిన్స్ కోవ్ బీచ్‌లో ఆటు సమయంలో నడిస్తే, ఒడ్డున పుస్తకాల దొంతర పక్కకు ఒరిగినట్టు రాతి పొరలు కనిపిస్తాయి. ఒక పొర ఇసుకరాయి, ఒక పొర మట్టిరాయి, మళ్లీ ఇసుకరాయి, మళ్లీ మట్టిరాయి. లోతు సముద్రంలో బురద ప్రవాహాలు ఒకదాని మీద ఒకటి పరిచిన ఈ దొంతరని భూగర్భ శాస్త్రజ్ఞులు అండమాన్ ఫ్లిష్ అంటారు. వయసు మూడు కోట్ల ఏళ్ల దరిదాపుల్లో. చూడ్డానికి అందంగా ఉంటుంది కానీ నీళ్లు దాచడంలో మహా పిసినారి. ఇసుకరాయి కొంచెం పీల్చినా, దాని కిందా పైనా ఉన్న మట్టిరాయి పోనివ్వదు. దీవుల్లో చాలా భాగం ఈ రాయే. ఇక్కడ బావి తవ్వితే వానాకాలంలో చేతికందే నీళ్లు, మార్చికి అడుగున బురద.

కొంచెం దక్షిణానికి, కోడియాఘాట్ వైపు పోతే రాయి మారిపోతుంది. నల్లగా, ఆకుపచ్చ ఛాయతో, దిండ్లు పేర్చినట్టు గుండ్రటి గడ్డలు. ఇవి నిజంగానే దిండు లావాలు. సముద్రం అడుగున లావా బయటికి పొంగి, చల్లటి నీళ్లు తగిలి అక్కడికక్కడే బుడగల్లా గడ్డకట్టినవి. భారత పలక బర్మా పలక కిందికి కోట్ల ఏళ్లుగా దూరిపోతుంటే, పాత సముద్రపు అడుగు ముక్కలు కొన్ని కిందికి పోకుండా పైకి ఎగదోయబడ్డాయి. లావాయే కాదు, దాని కింద ఉండే మాంటిల్ శిల కూడా పైకి వచ్చింది. మామూలుగా మనిషి కంటికి కనిపించని, కిలోమీటర్ల లోతున ఉండే రాయి ఇక్కడ కొండగా నిలబడి ఉంది. ఈ జాతి శిలలన్నిటికీ కలిపి ఓఫియోలైట్ అని పేరు.

ఇంత ఎత్తి పడేసే క్రమంలో ఆ రాయి చెక్కు చెదరకుండా ఎలా ఉంటుంది? నలిగింది, చిట్లింది, పగుళ్ల మీద పగుళ్లు వేసింది. మన సోంపేట ఆవిడ గొట్టం దోపుకున్నది అలాంటి పగులులోనే. రాయికి స్వతహాగా నీళ్లు పీల్చే గుణం లేదు, పలుగు దెబ్బకు నిప్పు రవ్వలు లేస్తాయి. కానీ పగుళ్లు ఒకదాంతో ఒకటి కలిసి కొండంతటా వల అల్లుకున్నాయి. వానాకాలంలో ఆ వల నిండుతుంది. వాన పోయాక, కొండలో వల ఎక్కడ బయటికి తెగితే అక్కడ కారుతుంది. అదే ఊట. మధ్యధరా సముద్రంలోని సైప్రస్ దీవికి నీళ్లిచ్చే ట్రూడోస్ కొండలూ ఇదే జాతి రాయి.

అసలు ఊట పుట్టడానికి చాలా దారులున్నాయి. నీరు పోయే పొర కింద నీరు పోనివ్వని పొర వచ్చి, రెండింటి అతుకు కొండ పక్కన బయటపడితే ఒక రకం. పగుళ్ల నుంచి వచ్చేది ఇంకో రకం. సున్నపురాయి కరిగి సొరంగాలైతే మరో రకం. తెలుగు నేల మీద వీటికి కొదవ లేదు. నల్లమల పాదాన మహానంది కోనేరు, సింహాచలం గంగధార, తాడిపత్రిలో ఊరి గుడికే పేరైన బుగ్గ, అన్నీ ఈ కుటుంబంలోవే. మనవాళ్లు ఊట కనిపించిన చోటల్లా గుడి కట్టారు. భక్తి మాట అలా ఉంచి, ఊట కన్ను చుట్టూ ప్రాకారం కట్టి, చెప్పులతో రావద్దనడం కంటే మంచి నీటి రక్షణ పథకం ఇంకోటి చెప్పమంటే చెప్పలేను.

ఇప్పుడు ఏప్రిల్ సంగతి చూద్దాం.

అడుగున చిల్లి ఉన్న కుండలో నీళ్లు పోయండి. నిండుగా ఉన్నప్పుడు ధార జోరుగా దూకుతుంది, మట్టం తగ్గేకొద్దీ నీరసిస్తుంది. కొండ కూడా అలాంటి కుండే. కాకపోతే చిల్లి దగ్గర పీచు, ఇసుక కుక్కిన కుండ. అందుకని ఒక్కసారిగా ఖాళీ కాదు. వానలు ఆగాక ఊట ధార ప్రతి నెలా కొంత నిష్పత్తిలో తగ్గుతూ పోతుంది. ఆ నిష్పత్తి ఎంతన్నదే ఆ కొండ స్వభావం. పెద్ద పగుళ్లే ఉన్న కొండ తొందరగా దిగిపోతుంది. సన్నటి పగుళ్లు, పైన మందంగా శిథిలమైన రాతి పొర ఉన్న కొండ పొదుపుగా ఇస్తుంది.

దీన్ని కొలవడానికి ఏ పరికరమూ అక్కర్లేదు. బకెట్, గడియారం చాలు. ప్రపంచమంతటా చిన్న ఊటల్ని ఇంజనీర్లు కొలిచేదీ ఇలాగే. నేను ఆవిడ అనుమతి తీసుకుని 15 లీటర్ల బకెట్ ధార కింద పెట్టాను. నిండడానికి 50 సెకన్లు పట్టింది. అంటే సెకనుకు 0.3 లీటరు. చూడ్డానికి ఎంత? అయితే ఊట రాత్రి కూడా నిద్రపోదు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 25,920 లీటర్లు. గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లు ఇవ్వాలన్నది జల్ జీవన్ మిషన్ పెట్టుకున్న కొలమానం. ఆ లెక్కన బొటనవేలంత ధార 470 మందికి సరిపోతుంది, వృథా పోకుండా పట్టుకునే తొట్టి ఉంటే.

ఉంటే! ధార కింద బిందె పెట్టే మనుషులు పగటిపూట కొన్ని గంటలే ఉంటారు. మిగతా నీరంతా నాలాలోకి పోతుంది. ఊట నీటి ఎద్దడిలో సగం నిజానికి తొట్టి ఎద్దడి.

ఇదే ఊట నెలకు అయిదో వంతు చొప్పున తగ్గుతుందనుకుందాం. ఉదాహరణకే అంటున్నాను. జనవరిలో 50 సెకన్లు పట్టిన బకెట్‌కు ఫిబ్రవరిలో 62, మార్చిలో 78, ఏప్రిల్‌లో 98 సెకన్లు పడుతుంది. 470 మందికి అందిన ఊట 240 మందికి మిగులుతుంది. మే నెల వాన నాలుగు వారాలు ఆలస్యమైతే ఇంకా కిందికి. కొత్తగా ఊటని ఆధారం చేసుకుని గొట్టాలు వేసేవాళ్లు చాలామంది చేసే పొరపాటు ఇక్కడే. ఫైలు కదిలేది డిసెంబర్‌లో, కొలత తీసేది జనవరిలో, కొబ్బరికాయ కొట్టేది ఫిబ్రవరిలో. ఏప్రిల్‌కి గొట్టంలో గాలి. ఊటని ఎప్పుడూ దాని అతి పేద నెలలోనే కొలవాలి. ఆవిడకి ఈ సంగతి ఏ పుస్తకమూ చదవకుండానే తెలుసు.

అమెరికా భూగర్భ సర్వేకి చెందిన ఆస్కార్ మైంజర్ 1923లో ఊటల్ని ధార బట్టి ఎనిమిది తరగతులు చేశాడు. మొదటి తరగతి ఊట సెకనుకు 2,800 లీటర్లకు పైన ఇస్తుంది, నదే పుడుతుంది. మా బకెట్ ఊట ఆరో తరగతి. తరగతి కింద ఉన్నంత మాత్రాన చిన్నచూపు చూడక్కర్లేదు. కొండ ఊళ్లను బతికిస్తున్నవి ఎక్కువగా ఇలాంటివే. 2018లో నీతి ఆయోగ్ నివేదిక దేశంలో 50 లక్షల దాకా ఊటలు ఉన్నాయని అంచనా వేసింది. వాటిలో 30 లక్షలు హిమాలయ ప్రాంతంలోనివే.

ధార కింద చెయ్యి పెట్టినప్పుడు ఇంకోటి గమనించాను. మధ్యాహ్నం ఆ నీరు చల్లగా, కుండ నీళ్లలా ఉంది. మర్నాడు తెల్లవారుజామున వెళ్తే అదే నీరు గోరువెచ్చగా తగిలింది. నీరు మారలేదు, నా చెయ్యి చుట్టూ గాలి మారింది. నేలలో కొన్ని మీటర్ల లోతు దాటాక పగలూ రాత్రీ తేడా తెలియదు. అక్కడి వేడి ఆ ఊరి సగటు ఉష్ణోగ్రతకు దగ్గరగా, ఇక్కడైతే 26, 27 డిగ్రీల దగ్గర నిలకడగా ఉంటుంది. పొద్దునా మధ్యాహ్నం థర్మామీటర్ పెట్టి చూస్తే అంకె మారని ఊట కాస్త లోతు నుంచి వస్తున్నట్టు. ఎండని బట్టి మారేదైతే పైపై మట్టిలోంచి పాకి వస్తున్నట్టు. వాన పడిన రెండు గంటలకే ఎర్రబడే ఊటనీ నమ్మకూడదు. వాన నీరు వడకట్టు లేకుండా సూటిగా దిగుతోందని దానర్థం.

నాలా నీళ్లు ఎందుకు తాగరన్న మొదటి ప్రశ్నకి ఇక్కడే జవాబుంది. తమాషా ఏమిటంటే, వానలు లేని నెలల్లో నాలాలో పారేదీ ఊట నీరే. వాలు పొడుగునా కనిపించని వంద ఊటలు కలిస్తేనే జనవరిలో నాలా. తేడా అంతా ఆ పది గజాలదే. ఆ పది గజాల్లో పశువులు దిగుతాయి, పందులు పొర్లుతాయి, ఎలుకలు తిరుగుతాయి.

ఎలుకల మాట ఊరికే అనలేదు. 1988 నుంచి ఈ దీవుల్లో ఏటా వానలు ముగిసే రోజుల్లో ఒక జ్వరం వచ్చేది. ఉన్నట్టుండి ఒళ్లు కాలేది, పిక్కలు నొప్పులు, దగ్గితే రక్తం, కొందరికి ఊపిరితిత్తుల్లోనే రక్తస్రావమై ప్రాణం పోయేది. ఉత్తర అండమాన్‌లోని దిగ్లీపూర్ ప్రాంతం బాగా దెబ్బతింది. ఏమిటో తెలియక దానికి అండమాన్ హెమరేజిక్ ఫీవర్ అని ఊరి పేరే పెట్టారు. వైరస్ అనుకున్నారు మొదట. పోర్ట్ బ్లెయిర్‌లోని భారత వైద్య పరిశోధన మండలి కేంద్రం 1990లలో దాని గుట్టు విప్పింది. అది లెప్టోస్పైరోసిస్. ఎలుకల, పశువుల మూత్రంతో కలుషితమైన నీటిలో, బురదలో ఉండే బాక్టీరియా, ముఖ్యంగా కాళ్ల మీది గాట్లలోంచి ఒంట్లోకి దూరుతుంది. వరి మళ్లలో దిగేవాళ్లకీ, నాలాల్లో స్నానం చేసేవాళ్లకీ ఎక్కువ ముప్పు. నీటిని తాగక్కర్లేదు, దిగితే చాలు. ఊట దగ్గరికి ఎత్తైన బండ మీంచి, నీళ్లలో కాలు పెట్టకుండా చేరే ఏర్పాటు ఉండడం ఎంత విలువైనదో దీన్ని బట్టి అర్థమవుతుంది.

అలాగని ఊట నీరంతా అమృతం అనుకోవద్దు. కొండ మీంచి వచ్చింది, అడవిలోంచి వచ్చింది, కాబట్టి పరిశుభ్రం అన్న నమ్మకం మనలో బాగా పాతుకుపోయింది. తేటగా ఉండడం వేరు, సురక్షితంగా ఉండడం వేరు. పగుళ్ల రాయి ఇసుకలాగా వడకట్టదు. పైన ఎవరో మరుగుదొడ్డి గొయ్యి తవ్వితే, పగులు ద్వారా ఆ మురికి తేటగా కనిపించే ధారలోకి రోజుల్లో దిగవచ్చు. మన తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం 100 మిల్లీలీటర్ల నీటిలో ఒక్క ఈ.కొలి కూడా కనిపించకూడదు. దీన్ని పరీక్షించడానికి ప్రయోగశాల దాకా పోనవసరం లేని పద్ధతి ఒకటి 1982లో మన దేశంలోనే తయారైంది. చిన్న సీసాలో నీరు పోసి వెచ్చటి చోట పెడతారు. ఒకటి రెండు రోజుల్లో నల్లబడితే మలినం కలిసినట్టు. హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా అంటారు. సందేహం ఉన్నప్పుడు సలసల మరిగాక ఒక నిమిషం పొయ్యి మీద ఉంచి దించితే చాలు.

రాయి కూడా నీళ్లలో తన గుర్తు వదులుతుంది. వాన నీరు మట్టిలోని బొగ్గుపులుసు వాయువుని కలుపుకుని కాస్త పుల్లబడి, మాంటిల్ రాయిలోని మెగ్నీషియాన్ని కరిగించుకుంటుంది. అందుకే ఈ జాతి ఊటల్లో పప్పు ఉడకడం ఆలస్యం కావచ్చు, సబ్బు నురగ తగ్గవచ్చు. హానికరం కాదు. ఇలాంటి రాళ్లలో క్రోమియం, నికెల్ కూడా ఉంటాయి కాబట్టి కొత్త ఊటని ఊరికి పెట్టేముందు ఒకసారి వాటి పరీక్ష చేయించడం మంచిది. ఒమన్‌లో ఇదే జాతి కొండల్లో లోతుగా తిరిగి వచ్చే కొన్ని ఊటల పీహెచ్ 11 దాటుతుంది, సున్నపు నీళ్లన్నమాట. ఊటకి కూడా ఊరూ పేరూ అడిగే నీళ్లు తాగాలి.

దక్షిణ అండమాన్‌కి కింద, మెక్‌ఫర్సన్ జలసంధి అవతల రట్లాండ్ దీవి ఉంది. దాని మౌంట్ ఫోర్డ్ ఎత్తు 430 మీటర్ల పైచిలుకు. దీవిలో పెద్ద భాగం ఈ ఓఫియోలైట్ రాయే, క్రోమైట్ ఖనిజం కూడా ఉంది. మనుషులు తక్కువ, అడవి ఎక్కువ, ఎండాకాలంలోనూ ఊటలు పారతాయి. ఆ నీటిని సముద్రం అడుగున గొట్టం వేసి పోర్ట్ బ్లెయిర్‌కి తేవాలన్న ఆలోచన చాలా ఏళ్ల నాటిది. నా మట్టుకు నాకు అందులో తప్పు కనిపించదు, ఒక్క షరతు మీద. ఏప్రిల్ ధారలో కొంత అక్కడి నాలాలకీ మడ అడవులకీ వదలాలి. సముద్రంలో కలిసే నీరు వృథా అన్నది బిందె పట్టుకున్నవాడి లెక్క. మడ చెట్టుకు అది వృథా కాదు.

ఊటని పట్టడంలో ఒక మెళకువ ఉంది, అది తెలియక చాలా ఊటలు చచ్చిపోయాయి. ఊట కన్ను చుట్టూ జాగ్రత్తగా తవ్వి, గట్టి రాయి తగిలేదాకా మట్టి తీసి, కన్ను ముందు కడిగిన కంకర పేర్చి, దాని ముందు చిన్న గోడ కట్టి గొట్టం పెడతారు. పైన బంకమట్టి కప్పు, ఎగువన వాన నీటిని పక్కకు మళ్లించే కాలువ, చుట్టూ కంచె. ఇంతవరకూ తేలికే. అసలు జాగ్రత్త గొట్టం ఎత్తులో ఉంది. నీరు సహజంగా కారే మట్టం కంటే గొట్టాన్ని పైకి పెట్టకూడదు. ఎక్కువ నిల్వ ఉంటుందని గోడ ఎత్తు పెంచి నీటిని వెనక్కి నిలబెడితే, ఆ బరువుకి నీరు పగుళ్ల వలలో ఇంకో సులువైన దారి వెతుక్కుంటుంది. ఒకసారి దారి మళ్లిన ఊట మళ్లీ పాత కన్నుకి రాకపోవచ్చు. నిల్వ కావాలంటే దిగువన వేరే తొట్టి కట్టాలి తప్ప, ఊట నోరు నొక్కకూడదు. పాత మేస్త్రీలు ఊట దగ్గర డైనమైట్ వాడొద్దనేదీ ఇందుకే.

భూకంపమూ ఇదే పని పెద్ద ఎత్తున చేస్తుంది. అండమాన్ మొత్తం భూకంప ముప్పు చాలా ఎక్కువగా ఉన్న ప్రాంతం. పెద్ద కుదుపు తర్వాత ఊటలు ఎండిపోవడం, కొత్తవి పుట్టడం ప్రపంచంలో చాలాచోట్ల నమోదైంది. పగుళ్లు కొన్ని మూసుకుంటాయి, కొన్ని తెరుచుకుంటాయి. 2004 డిసెంబర్ 26 భూకంపంలో కొన్ని నిమిషాల్లోనే ఉత్తర అండమాన్ పడమటి ఒడ్డు పైకి లేచింది, దక్షిణ అండమాన్ దాదాపు మీటరు కుంగింది, గ్రేట్ నికోబార్ కొస ఇందిరా పాయింట్ నాలుగు మీటర్ల పైగా దిగిపోయింది. సునామీ నీరు తీరంలోని చాలా బావుల్ని ఉప్పు చేసింది.

కార్ నికోబార్‌కి అది మరీ పెద్ద దెబ్బ. ఆ దీవి బల్లపరుపు, పగడపు రాయి, కొండ లేదు కాబట్టి ఊట ఆసరా తక్కువ. అలాంటి చోట వాన నీరు ఉప్పు నీటి మీద నూనెలా తేలుతూ, కటకం ఆకారంలో ఉంటుంది. సముద్ర మట్టానికి పైన ఒక మీటరు మంచినీరు ఉంటే, కింద దాదాపు 40 మీటర్లు ఉన్నట్టు లెక్క. బాగానే ఉంది, కానీ తిరగేసి చూడండి. బావిలో మట్టం ఒక మీటరు దిగేలా తోడితే, కింద ఉప్పు నీరు కాలక్రమంలో 40 మీటర్లు పైకి రాగలదు. కొండ ఊటకి ఈ బెంగ లేదు. సముద్రం కంటే వంద మీటర్ల ఎత్తున కారే నీటికి ఉప్పు ఎలా తగులుతుంది?

గ్రేట్ నికోబార్ అడవుల్లోని షోంపెన్‌ల పద్ధతి పుస్తకాలకెక్కింది. వెదురు బొంగుని నిలువునా చీల్చి, చెట్ల కిందా వాలు వెంటా పరిచి, కారే నీటిని గుంటల్లోకి నడిపిస్తారు. ఒక గుంట నిండితే ఇంకో వెదురు కాలువ మీంచి కింది పెద్ద గుంటకి. తొట్టి ఎద్దడి అన్నాను చూడండి, దాన్ని వాళ్లు ఎప్పుడో తీర్చుకున్నారు. నికోబారీలు కొబ్బరి చిప్పలనే నీటి కుండలుగా వాడేవారు, జతకట్టి మోసుకునేవారు.

బారెన్ దీవి మేకల కథ కూడా చెప్పాలి. దేశంలో ఇప్పటికీ నిప్పులు కక్కే ఒకే ఒక అగ్నిపర్వతం అది. బూడిద, నల్ల రాయి తప్ప ఏమీ లేనట్టుంటుంది. పందొమ్మిదో శతాబ్దం చివర్లో ఓడ మీద వచ్చినవాళ్లు కొన్ని మేకల్ని అక్కడ వదిలిపోయారు. అవి బతికాయి, పెరిగాయి. ఉప్పు నీళ్లు తాగి బతుకుతున్నాయని చాలాకాలం చెప్పుకున్నారు. తర్వాత శాస్త్రజ్ఞులు దీవి ఆగ్నేయం వైపు మంచినీటి ఊటలు కనిపెట్టారు. నీళ్లెక్కడున్నాయో మేకలకి మనకంటే వందేళ్ల ముందే తెలుసన్నమాట.

మిగిలింది ఊటకి పైన ఉండే వాలు. అడవి నీళ్లు పుట్టిస్తుందంటారు. అది పూర్తిగా నిజం కాదు, చెట్టు తాగేది తక్కువేం కాదు. అడవి చేసే అసలు పని వేరు. రాలిన ఆకులు, వేళ్లు, వానపాముల కన్నాలు కలిసి నేలని గుల్లగా ఉంచుతాయి, నిమిషంలో పడే నీటిని గంటల్లో దిగనిస్తాయి. 1949 నుంచి తూర్పు బెంగాల్ శరణార్థుల పునరావాసానికి లోయలు, వాటి అంచున వాలు అడవులు నరికి పోక, కొబ్బరి వేశారు. వాళ్లనేమీ అనలేం, వాళ్లకీ బతుకు కావాలి. కానీ ఊడ్చి శుభ్రం చేసిన పోక తోట నేల మీద వాన జారినంత సులువుగా అడవి నేల మీద జారదు.

రక్షించాల్సిన వాలు ఏదో తెలుసుకోవడం కూడా అనుకున్నంత తేలిక కాదు. కార్బిన్స్ కోవ్‌లో చూసిన ఒరిగిన పుస్తకాల దొంతర గుర్తుందా? పొరలు అటు వాలి ఉంటే, ఈ పక్క ఊటలో కారే నీరు కొండకి అవతలి పక్క పడిన వాన కావచ్చు. ఊట పైన మొక్కలు నాటి ఫోటోలు దిగినా లాభం ఉండదు, కావాల్సిన మొక్కలు కొండకి ఆ వైపున ఉండాలి. సిక్కింలో 2008లో మొదలుపెట్టిన ధారా వికాస్ పథకంలో ముందు రాతి పొరల వాలు చదివి, నీరు ఇంకే చోటు ఎక్కడో తేల్చుకుని, ఆ తర్వాతే కందకాలు తవ్వారు. ఎండిన ఊటలు కొన్ని తిరిగి పారాయి. అండమాన్ కొండలకీ, మన పాడేరు, అరకు గెడ్డలకీ పనికొచ్చే పాఠం ఇది.

నేను కొలిచింది ఒకే ఒక్క జనవరి రోజు. ఏప్రిల్ అంకె నా దగ్గర లేదు, అది లేకుండా ఆ ఊట గురించి ఏం చెప్పినా సగమే. మీ ఊళ్లోనో, మీరు పాఠాలు చెప్పే బడి వెనకో ఊట ఉంటే, నెలకొకసారి ఒకే బకెట్‌తో, ఒకే తేదీన కొలవండి. ఎన్ని సెకన్లు పట్టిందో తొట్టి గోడ మీద బొగ్గుతో కాకుండా పెయింటుతో రాయండి, వాన పడితే చెరిగిపోకుండా. ఏప్రిల్ నెల అంకె పక్కన ఏడాది వేయడం మర్చిపోవద్దు.